ముక్కు మాట వినండి, మర్యాద తర్వాత

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకు నేనిచ్చే సలహాలు మన పెద్దలు నేర్పిన పద్ధతికి పూర్తిగా ఎదురు. కంచంలో అన్నం వదిలేయమంటాను. వండి పెట్టినవాళ్ల ఎదుటే నోట్లోది ఉమ్మేయమంటాను. పెళ్లికెళ్లి పంక్తిలో కూర్చోవద్దంటాను. చల్లారాకే తినమంటాను, రోజూ ఒకటే తినమంటాను. ‘ఇవేం సలహాలమ్మా, తలకిందులుగా!’ అని కోప్పడ్డ అమ్మలూ అత్తగార్లూ ఉన్నారు. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోను. నేనూ పొట్టను కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నదాన్నే. ఆ తర్వాత ముక్కూ నాలుకా ఏం చేస్తాయో పడ్డవాళ్లకే తెలుసు.

ఆపరేషన్‌కి ముందు అందరూ పొట్ట గురించే మాట్లాడతారు. ఎంత కోస్తారు, ఎంత మిగులుస్తారు, ఎన్ని కిలోలు తగ్గుతారు అని. ముక్కు సంగతి ఎవరూ ఎత్తరు. తీరా ఇంటికొచ్చాక, పై ఫ్లాట్‌లో ఉల్లిపాయలు వేయిస్తుంటే మన పడగ్గదిలో కడుపు తిప్పుతుంది. ఫ్రిజ్ తలుపు తీస్తే నిన్నటి సాంబారు, మొన్నటి పెరుగు, కోసిపెట్టిన ఉల్లిచెక్క దేని వాసన దానిదిగా ముఖాన కొడుతుంది. ఏళ్ల తరబడి ఇష్టంగా తాగిన కాఫీ మాడు కంపు కొడుతుంది. కోడికూర నీచనిపిస్తుంది. మునుపు చాలదని ఇంకో చెంచా వేసుకున్న పంచదార ఇప్పుడు చిటికెడు పడితేనే మొహం మొత్తుతుంది. సబ్బు, అగరొత్తి, బట్టల పౌడరు, ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ల తలనూనె, ఏదీ వదలదు.

ఇది గోరోజనం కాదు. 2014లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ డాక్టర్లు, పొట్టకు బైపాస్ చేయించుకున్న 103 మంది చెప్పిన సంగతులను ఒక వైద్య పత్రికలో అచ్చువేశారు. అందులో 97 శాతం మంది ఆకలి మారిందన్నారు. 73 శాతం మంది రుచి మారిందన్నారు. 42 శాతం మంది వాసన మారిందన్నారు. కొన్ని తిండ్లంటేనే అసహ్యం పుట్టిందన్నవాళ్లు కూడా 73 శాతం. ఆ అసహ్యాల జాబితాలో కోడి మాంసం, వేట మాంసం, నూనె వంటలు, చాక్లెట్ ఉన్నాయి, చివరికి అన్నం కూడా ఉంది. ఇంగ్లండ్ వాళ్లు ‘అన్నం సయించట్లేదు’ అంటే నవ్వి ఊరుకోవచ్చు. అన్నం మీదే బతికే ఇంట్లో ఆ మాట అనడానికి ఎంత జంకుతారో ఆలోచించండి. వాసనలు నింపిన పెన్నులు ముక్కు కింద పెట్టి కొలిచిన పరీక్షల్లో కొన్నిట చురుకు పెరిగినట్టు తేలింది, కొన్నిట పెద్ద తేడా కనపడలేదు. కొలతకు దొరికినా దొరక్కపోయినా వచ్చిన డోకు వచ్చినట్టే.

ఎందుకిలా అవుతుందన్నది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. స్లీవ్‌లో పొట్టలో మూడొంతుల పైనే తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యేది అలా పోయే పైభాగంలోనే. బైపాస్‌లో పైన చిన్న సంచీ మాత్రం మిగిల్చి, తిండిని నేరుగా చిన్నపేగులోకి దింపుతారు. అప్పుడు పేగు నుంచి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు తిన్న వెంటనే బాగా పెరుగుతాయి. ఇవి పొట్టకూ మెదడుకూ మాత్రమే కబురు చెబుతాయనుకుంటే పొరపాటు, నాలుక మీది రుచిమొగ్గల దగ్గరా వీటిని అందుకునే ఏర్పాటుంది. 2018లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకలకు ఎనిమిది వారాలు కొవ్వు తిండి పెడితే వాటి రుచిమొగ్గలు దాదాపు నాలుగోవంతు తగ్గిపోయాయి. ఒళ్లు పెరగడానికీ నాలుక మొద్దుబారడానికీ చుట్టరికం ఉందన్నమాట. ఇక మెదడు సంగతి. నెయ్యీ పంచదారా కలిసిన తిండి కనిపించగానే ఉత్సాహపడే చోట్లు ఆపరేషన్ తర్వాత అంతగా ఉత్సాహపడటం లేదని స్కానింగుల్లో చూశారు.

మన ఇళ్లలో వేవిళ్ల మనిషి ఏ వాసన వద్దంటే ఆ వంట ఇల్లంతా మానేస్తుంది, ఎవరూ వాదించరు. ఆపరేషన్ అయిన మనిషికీ అదే గౌరవం ఇవ్వమంటున్నాను. దానికి ఒక హద్దు కూడా పెడుతున్నాను. ఏ వంటకం తినాలో ముక్కునే తేల్చనివ్వండి. ఎంత తినాలో, ఏ మాత్ర వేసుకోవాలో మాత్రం దాని చేతికివ్వకండి.

తాలింపును ఇంట్లోంచి వెళ్లగొట్టండి

మూడు నెలలపాటు ఇంటి లోపల పోపు వేయవద్దు. తెలుగువాళ్ల వంటింట్లో ఇంతకన్నా తప్పుడు మాట ఉండదని తెలిసే అంటున్నాను. తాలింపులో జరిగేదేమిటో చూడండి. కాగి పొగలెత్తిన నూనె నుంచి ఎక్రోలిన్ అనే వాయువు పుడుతుంది. కళ్లూ ముక్కూ మండించేది అదే. ఎండుమిరపకాయ మాడితే ఆ ఘాటు గాల్లోకి లేచి ఇంట్లో అందరికీ దగ్గొస్తుంది. ఇంగువ, వెల్లుల్లి వాసనల్లో గంధకపు పదార్థాలుంటాయి. అవి ఏ కొంచెం ఉన్నా ముక్కు పట్టేస్తుంది. మామూలు ముక్కుకు ఇదంతా ఆకలి పుట్టించే వాసన. కొత్త ముక్కుకు ఇదే వెలపరం.

పెరడున్నవాళ్లు పొయ్యి పెరట్లోకి మార్చండి. ఫ్లాట్లలో ఉన్నవాళ్లు బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకోండి. అదీ కుదరకపోతే పప్పూ చారూ పోపు లేకుండా దించి, మిగతావాళ్ల గిన్నెల్లో మాత్రం విడిగా పోపు కలపండి. దాన్ని కూడా ఆపరేషన్ అయిన మనిషి నడకకు వెళ్లినప్పుడు వేయండి. రోజూ నడవమని డాక్టర్లు ఎలాగూ చెబుతారు, ఆ అరగంటను వంటింటికి రాసిచ్చేయండి. చిమ్నీ ఉంది కదా అని ధీమా పడకండి. పొగను గొట్టంలోంచి బయటికి పంపే చిమ్నీ అయితే పనికొస్తుంది. చాలా అపార్ట్‌మెంట్లలో గొట్టం ఉండదు. గాలిని బొగ్గు ఫిల్టరులోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం పెడతారు. అది నూనె జిడ్డును ఆపుతుందేమో గానీ, ఫిల్టరు పాతబడ్డాక వాసన ఆగదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఆపరేషన్ అయింది ఇంటి ఇల్లాలికైతే? నా దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకునే ఆడవాళ్లలో ఎక్కువమంది బాధ తిండి గురించి కాదు, వంట గురించి. తను తాగేది అరగ్లాసు పల్చటి మజ్జిగ, అదీ గంటసేపు. ఆ గంటలోనే పిల్లల టిఫిన్ డబ్బాకు బంగాళాదుంప వేపుడు, మామగారికి పులుసు, భర్తకు ఆదివారం చేపలు. ముక్కుకు కొంగు చుట్టుకుని వేయిస్తుంది, మధ్యలో వెళ్లి వాంతి చేసుకుని వచ్చి మళ్లీ గరిటె పట్టుకుంటుంది. ఇది ఓర్పు అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. రెండు నెలలు ఆమెను వంటింటి గడప తొక్కనివ్వకండి. భర్తకు వంట రాకపోతే నేర్చుకోవాలి, లేదా కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకుని వాళ్లు వేరే గదిలో తినాలి. లక్షలు పెట్టి ఆపరేషన్ చేయించి, దాని ఫలితాన్ని చేపల పులుసు దగ్గర పోగొట్టుకోవడం తెలివైన పనా?

అమ్మలారా, మీకు కూడా ఒక మాట. ‘నేను వండకపోతే ఇల్లు నడవదు’ అని మీరే అనకండి. నడుస్తుంది.

వేడివేడిగా తినకండి

‘వేడన్నం, వేడి పప్పు, ఇంత నెయ్యి.’ మనకు ప్రేమంటే ఇదే. కానీ పదార్థం ఎంత వేడిగా ఉంటే దానిలోంచి అంత వాసన లేస్తుంది. నమిలేటప్పుడు నోటి వెనక దారిలోంచి కూడా ఆ వాసన ముక్కుకు ఎక్కుతుంది, మనం రుచి అనుకునే దానిలో చాలాభాగం అదే. గోరువెచ్చటి పప్పు తినగలిగిన మనిషి పొగలు కక్కే పప్పు ముందు కూర్చోలేకపోవడం ఇందుకే. చల్లారనివ్వండి. పెరుగు, మజ్జిగ, పనీర్ ముక్కలు, చల్లగా కలిపిన ప్రోటీన్ పౌడరు, ఇవి మొదటి నెలల్లో మిగతా వాటికన్నా తేలిగ్గా దిగుతాయి. పౌడరును మూత ఉన్న సీసాలో కలుపుకుంటే వాసన సగం తగ్గుతుంది.

చల్లారనివ్వడమంటే వదిలేయడం కాదు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. గంటలోగా ఫ్రిజ్‌లో పెట్టండి.

కోడికూర విషయంలో మా ఇళ్లలో చేసే ఒక పని నాకు అస్సలు నచ్చదు. ఆదివారం వండింది సోమవారం వేడిచేసి, ‘నీకోసమే ఉంచా, మెత్తబడింది’ అని పెడతారు. ఒకసారి ఉడికి చల్లారిన మాంసంలో కొవ్వు గాలి తగిలి చెడటం మొదలవుతుంది. తిరిగి వేడిచేస్తే ఒకరకమైన ముతక వాసన వస్తుంది. మిగతావాళ్లకు మసాలాలో అది తెలియదు. ఆపరేషన్ అయినవాళ్లు ఆ ముద్ద నోట పెట్టుకుని కోడినే వదులుకుంటారు. వాళ్లకు అప్పటికప్పుడు రెండు ముక్కలు నీళ్లలో మెత్తగా ఉడికించి పెట్టండి, లేదా అసలు పెట్టకండి. గుడ్డు కూడా అంతే. ఎక్కువసేపు ఉడికిస్తే తెల్లసొనలోంచి గంధకపు వాయువు పుడుతుంది, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది. పది నిమిషాలకు దించి వెంటనే చన్నీళ్లలో వేస్తే ఆ కంపు రాదు. గుడ్డు నచ్చట్లేదన్న వాళ్లలో చాలామందికి నచ్చనిది ఆ ఆకుపచ్చ గీతే.

ఉమ్మేయండి, వదిలేయండి

కంచం పక్కన ఎప్పుడూ చిన్న స్టీలు గిన్నె పెట్టుకోండి. ముద్ద నోట్లోకి వెళ్లాక వాసన మారినట్టనిపిస్తే, నమిలినా మెత్తబడకపోతే, గొంతు దగ్గర వద్దనిపిస్తే దాంట్లో ఉమ్మేయండి. ఎదురుగా వండినవాళ్లున్నా సరే. ‘బాగుంది అత్తయ్యా, ఇవాళ నాకే దిగట్లేదు’ అనండి, చాలు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని, మెతుకు వదిలితే పాపమని పెరిగినవాళ్లం మనం. ఆ భయంతోనే ఒక్క ముద్ద ఎక్కువ మింగుతాం. మొదటి వారాల్లో స్లీవ్ పొట్ట పట్టేది టీ గ్లాసుకు కాస్త ఎక్కువ, బైపాస్ సంచీ అయితే ఇంకా తక్కువ. మర్యాద కోసం మింగిన ఆ ముద్ద ఛాతీ నొప్పిగానో వాంతిగానో బయటపడుతుంది. దాంతో ఆ కూర మీదా, పెట్టిన మనిషి మీదా ఏవగింపు మిగిలిపోతుంది.

పారేయడం ఇష్టం లేకపోతే ముందే తక్కువ పెట్టుకోండి. అన్నం కంచం తీసేసి కాఫీ సాసరు తెచ్చుకోండి. ప్రసాదం ఇస్తే కళ్లకద్దుకుని పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టండి.

పెళ్లికి వెళ్లండి, భోజనానికి ఆగకండి

తలంబ్రాల వేళకు వెళ్లి, అక్షింతలు వేసి, ఫొటో దిగి వచ్చేయండి. ఫంక్షన్ హాల్లో బిర్యానీ డేక్సాలు తెరిచే సమయానికి మీరు కారులో ఉండాలి. మల్లెపూలు, పన్నీరు, సాంబ్రాణి, పట్టుచీరల్లో దాచిన కలరా ఉండల వాసన, పక్కనే జిలేబీ మూకుడు, అన్నీ ఒక్క ఏసీ గదిలో. అక్కడ కూర్చుని ‘ఏం తినట్లేదేంటి?’ అని అడిగే పాతికమందికి జవాబు చెప్పే ఓపిక మీకక్కర్లేదు. ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పడం ఇష్టం లేనివాళ్లు ‘డాక్టరు వద్దన్నారు పిన్నీ’ అనండి. అది నిజమే కదా.

స్వీటు మాత్రం ఎవరు బతిమాలినా ముట్టకండి. బైపాస్ అయినవాళ్లలో ముఖ్యంగా, పంచదార పాకం ఒక్కసారిగా పేగులోకి జారితే కాసేపటికి చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. డంపింగ్ అంటారు దీన్ని. మరికొందరికి గంటో రెండో పోయాక రక్తంలో చక్కెర పడిపోతుంది. స్లీవ్ వాళ్లు మాకు రాదనుకోకండి, వచ్చినవాళ్లున్నారు.

రోజూ ఒకటే తినండి

‘రోజుకో రకం తిను, నోరు మారుతుంది’ అన్నది ఆరోగ్యవంతులకు మంచి సలహా. కొత్త ముక్కుకు మాత్రం ప్రతి కొత్త వంటా ఒక పరీక్షే. ఒంటికి సరిపడిన రెండో మూడో వంటకాలు దొరికాక వారాల తరబడి వాటినే తినండి. విసుగు పుడితే పుట్టనివ్వండి.

ఇక్కడే ముక్కుకు హద్దు పెట్టాలి. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు లోపలికి వెళ్లాలని డాక్టర్లు చెబుతారు. అవి అందకపోతే తగ్గే బరువులో కండ కూడా పోతుంది, జుట్టు రాలుతుంది, మెట్లెక్కితే కాళ్లు వణుకుతాయి. గుడ్డుకు సుమారు ఆరు గ్రాములు. వంద గ్రాముల పనీర్‌కు 18 వరకు. వంద గ్రాముల పెరుగుకు మూడు, నాలుగు. చిన్న గిన్నెడు గట్టి పప్పుకు ఆరేడు. వంద గ్రాముల ఉడికిన చేపకు 20 పైనే. వెన్న తీసిన పాలపొడి వంద గ్రాముల్లో 35 దాకా ఉంటుంది, పెద్ద చెంచాడు మజ్జిగలో కలిపితే వాసన తెలియకుండా మూడు గ్రాములు చేరుతుంది. కాయితం తీసుకుని మీకు సయించేవాటినే కూడండి. చేప వద్దని ముక్కు అంటే చేప మానేయండి, కానీ ఆ 20 గ్రాములూ ఇంకో చోటినుంచి తేవాల్సిందే. పెసలు, శనగలు, మీల్ మేకర్, సోయా పాలు, పాలవిరుగుడు, ఏదో ఒకటి ఒప్పుకుంటుంది. మెత్తటి పెసరట్టు ఉల్లీ అల్లం లేకుండా, నూనె తడి చేసిన పెనం మీద వేస్తే రెండో నెలకు చాలామంది తినగలుగుతారు. మీ డైటీషియన్ ఘనాహారానికి ఒప్పుకున్నాకే సుమా.

తాగడం తినడం కలపకండి. తిన్న అరగంట దాకా నీళ్లు వద్దు. చారన్నం జుర్రుకునే అలవాటున్న మనకు అన్నిటికన్నా కష్టమైనది ఇదేనని ఒప్పుకుంటాను.

మీకు బాగా ఇష్టమైనది ఇప్పుడు తినకండి

గోంగూర మాంసమో, ఆవకాయ అన్నమో, అమ్మ చేతి బొబ్బట్టో, మీ ప్రాణం దేనిమీద ఉందో దాన్ని మొదటి మూడు నెలలు దగ్గరికి రానివ్వకండి. ‘కోరుకున్నది పెడితే తింటుందిలే’ అని ఇంట్లోవాళ్లు ముందు దాన్నే తెస్తారు. 1955లో జాన్ గార్సియా అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకలకు తియ్యటి నీళ్లు తాగించి, ఆపైన వికారం పుట్టించే రేడియేషన్ ఇచ్చి చూశాడు. తర్వాత ఆ ఎలుకలు తియ్యటి నీళ్లను దూరం పెట్టాయి. వికారానికి కారణం నీళ్లు కాకపోయినా వాటి ఒళ్లు ఆ రుచినే తప్పుపట్టింది. మనుషుల ఒళ్లూ అంతే చేస్తుంది. మానని పొట్టతో గోంగూర తిని ఒక్కసారి వాంతయితే, ఆ గోంగూర మీకు ఏళ్ల తరబడి దూరం కావచ్చు. దాన్ని ప్రేమిస్తున్నారు గనకే ఇప్పుడు తినకండి. ఈ వారాల్లో పోయినా బాధలేని తిండి తినండి.

ముక్కు మాట వినకూడని చోట్లు

విటమిన్ మాత్రల సీసా మూత తీయగానే గుప్పుమనే ఆ బి-కాంప్లెక్స్ వాసన చాలామందిని మాత్రలకు దూరం చేస్తుంది. ‘వాసన పడట్లేదండీ, ఆపేశాను’ అంటారు. ఆపడానికి వీల్లేదు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, థయమిన్ ఇక జీవితాంతం కావాలి. బ్రాండు మార్చమనండి, నమిలేది పడకపోతే మింగేది అడగండి, బి12 ఇంజెక్షన్‌గా తీసుకోండి. ఐరన్‌కూ కాల్షియానికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. కాఫీ, టీలతో ఐరన్ వేసుకోకండి.

రుచి చచ్చిపోయినా, నోట్లో ఇనుప రుచి నిలిచిపోయినా అది కొత్త నాలుక మహిమ అని సరిపెట్టుకోకండి. జింక్ లోపంలో రుచి చెడుతుంది, జుట్టూ రాలుతుంది. అలాగని దుకాణంలో జింక్ కొనుక్కుని ఎక్కువగా మింగినా చేటే, ఒంట్లో రాగి పడిపోతుంది. రక్తపరీక్ష చేయించుకుని, డాక్టరు చెప్పినంతే వేసుకోండి. పొద్దున్న లేవగానే నోరు పుల్లగా చేదుగా ఉంటే అది రుచి మార్పు కాకపోవచ్చు. స్లీవ్ తర్వాత కొందరిలో యాసిడ్ పైకి తన్నడం పెరుగుతుంది. దానికి మందుంది. నోట్లోంచి పండిన పండు వాసనలాంటిది వస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ల వల్ల కావచ్చు. ఆ వాసన మీకే తెలిసి సిగ్గుపడుతుంటారు, అక్కర్లేదు. షుగరు వ్యాధి ఉన్నవాళ్లు మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి.

పెళ్లయిన ఆడపిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాను. బరువు తగ్గేకొద్దీ తప్పిపోయిన నెలసరులు తిరిగొస్తాయి, ఏళ్లుగా నిలవని కడుపు నిలవవచ్చు. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు. బైపాస్ అయినవాళ్లలో గర్భనిరోధక మాత్రలు సరిగ్గా ఒంటబట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి అడగండి. తగ్గుముఖం పట్టిన వాసనల బాధ ఉన్నట్టుండి మళ్లీ మొదలైతే ముందు గర్భపరీక్ష చేయించుకోండి. ఆపరేషన్ వల్లేనని రెండు నెలలు గడిపేస్తే ఆ బిడ్డకు అందాల్సిన ఫోలిక్ యాసిడ్ అందదు.

ఇక అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది వాంతుల గురించి. ఒక కూర వాసనకు ఒకసారి డోకు రావడం వేరు. రోజుల తరబడి ఏం తిన్నా, నీళ్లు తాగినా వాంతవుతుంటే అది ముక్కు పని కాదు. కోసిన చోట దారి ఇరుకయిందేమో, లోపల పుండు పడిందేమో చూడాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒంట్లో థయమిన్, అంటే బి1, నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. వాంతులతో అది ఖాళీ అయితే నరాలకూ మెదడుకూ దెబ్బ తగులుతుంది. చూపు రెండుగా కనపడటం, నడిస్తే తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. మన ఊళ్లలో వాంతులంటే మొదట చేసే పని వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించడం. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఆ మిగిలిన కాస్తా ఖర్చయిపోయి పరిస్థితి విషమించవచ్చు. ‘నాకు బేరియాట్రిక్ సర్జరీ అయింది, ముందు బి1 ఇవ్వండి’ అన్న మాట ఒక కాగితం మీద రాసి పర్సులో, ఫోను కవరులో పెట్టుకోండి. ఇంట్లోవాళ్లకూ బట్టీ పట్టించండి. ఆపరేషన్ సంగతి చుట్టాల దగ్గర దాచుకోండి గానీ, వైద్యం చేసేవాళ్ల దగ్గర దాచకండి.

ముక్కు నెమ్మదించినప్పుడు సంబరపడకండి

చాలామందికి ఈ చురుకు మొదటి ఏడాదిలోనే మెల్లగా తగ్గుతుంది. ఒకరోజు పోపు వాసన హాయిగా అనిపిస్తుంది, ఇంకో రోజు లడ్డు ముక్క తిన్నా ఏమీ కాదు. ఇంట్లోవాళ్లు ‘అమ్మయ్య, మామూలు మనిషయింది’ అంటారు. ఆ రోజే జాగ్రత్తపడాలి. ఇన్నాళ్లూ తీపినీ నూనెనూ మీ దగ్గరికి రానివ్వనిది ఆ ముక్కే. అది పక్కకు తప్పుకుంటే ఆ కాపలా మీరే కాయాలి. బరువు తిరిగి పెరగడం తరచూ రెండో ఏడాది దాటాక మొదలవుతుంది. పంక్తి భోజనాల మీద కన్నా బిస్కట్ల మీద, మిక్చర్ మీద, సాయంత్రం టీలో పంచదార మీద, కరిగిపోయే మెత్తటి తీపి మీద ఎక్కువగా మొదలవుతుంది. ఇవి పొట్టలో ఆగవు, నిండిన భావన రాదు, ఎన్నయినా దిగుతాయి.

కాబట్టి లడ్డు మళ్లీ రుచించిన వారమే డైటీషియన్ దగ్గరికి వెళ్లండి. ఆ నెల నుంచి బిస్కట్ డబ్బా ఇంటికి తేవడం మానేయండి, పిల్లలకోసమైనా సరే. బరువు వారానికోసారి చూసి రాసుకోండి. చురుకుదనం ఉన్న రోజుల్లో సయించిన ఆ రెండు మూడు వంటకాలను వదలకుండా పొద్దుటి పూటకు ఉంచుకోండి. ఏటా రక్తపరీక్షకు వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్‌తో సరిపెట్టకుండా ఫెరిటిన్, బి12, విటమిన్ డి, కాల్షియం, జింక్ కూడా చూడమని మీరే అడగండి.